రెండో శుక్రవారం

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ ఇంటర్వెల్ మీద బతికేవాళ్లం. చిక్కడపల్లిలో మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న థియేటర్లో క్యాంటీన్ మా తాతయ్య కాంట్రాక్టు. సినిమా బాగుందా అని మా ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. సగంలో లైట్లు వెలిగినప్పుడు సమోసాల పళ్లెం ఖాళీ అయిందా లేదా అన్నదే మాకు కావలసిన కథ.

పేరు తాతయ్యది, చాకిరీ మా అత్తమ్మది. అత్తమ్మ అంటే నాన్నకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్తతో పొసగక పుట్టింటికి వచ్చేసింది. పొద్దున ఆలుగడ్డలు ఉడకేయడం దగ్గర్నుంచి ఆఖరి ఆట అయ్యాక కడాయి తోమడం దాకా అన్నీ ఆవిడే. నాన్నకు ఆఫీసు ఉద్యోగం కాబట్టి ఆయన దీనిలో వేలు పెట్టలేదు. మిగిలింది మా బాబాయి. ఆయన ఒక పెద్ద హీరోకి పేటలో అభిమాన సంఘం నాయకుడు. ఆ హీరో సినిమా వస్తే ఇంత ఎత్తు ఫ్లెక్సీ కట్టించి, కింది వరసలో గుండ్రంగా అచ్చేసే అభిమానుల మొహాల్లో తన మొహం అందరికన్నా పెద్దగా వేయించుకునేవాడు. ఫ్లెక్సీ ఖర్చు క్యాంటీన్ గల్లా భరించేది. సొమ్మొకడిది, సోకొకడిది.

తెలంగాణ బంద్‌ల కాలం అది. ఆ ఏడాది తాతయ్య మోకాళ్లు మొరాయించాయి. క్యాంటీన్ ఎవరి పేరు మీదికి మార్చాలన్న మాట వచ్చింది. అత్తమ్మ మొదటిసారి నోరు తెరిచి తనకు కావాలని అడిగింది. బాబాయి పేరు మీదికి పోతే, బతికినన్నాళ్లూ తమ్ముడి కొట్లో కూలిమనిషిగా ఉండాల్సిందేనని ఆవిడకు తెలుసు.

సరిగ్గా ఆ వారమే మా థియేటర్‌కు ఒక సినిమా వచ్చింది. హీరోయినే అందులో అన్నీ, చెప్పుకోదగ్గ హీరో లేడు. పోస్టర్ మీద ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఫ్లెక్సీ లేదు, బ్యాండు లేదు, గుమ్మడికాయ కొట్టేవాడు లేడు. తాతయ్య పోస్టర్ చూసి నవ్వాడు.

"ఆడమనిషి పేరు మీద పిక్చరే నడ్వది, ఇగ క్యాంటీన్ నడుస్తదా?" అన్నాడు.

"నడుస్తే?" అంది అత్తమ్మ.

"రెండో శుక్రవారం మార్నింగ్ షో గీ బొమ్మనే పడ్డదనుకో, తాళంచెవులు నీ చేతిల పెడ్త. పడలేదనుకో, తమ్మునికిస్త. మళ్ల నోరెత్తొద్దు."

అత్తమ్మ ఒప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను. తాతయ్య మాట ఇవ్వడం చూసి నాకెంత సంబరమైందో చెప్పలేను.

మొదటి రోజు పొద్దుటాటకు హాల్లో ఫ్యాన్ల చప్పుడే వినిపించింది. బాబాయి క్యాంటీన్ ముందు నిలబడి ఈలలు వేశాడు. అత్తమ్మ పొయ్యి తగ్గించి, కొంగు బిగించి బయటికి నడిచింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం వచ్చిన ఆడపిల్లల హాస్టళ్లకు వెళ్లింది. గాంధీనగర్‌లో తెలిసిన ఇల్లాళ్ల గుమ్మాలు ఎక్కింది. నారాయణగూడలో తనకు జాకెట్లు కుట్టే ఆవిడకూ చెప్పింది. సినిమా గొప్పదని ఎక్కడా అనలేదు. చిన్నపిల్లలను తీసుకొస్తే పాలు వేడి చేసిస్తానని మాత్రం చెప్పింది.

శనివారం మ్యాట్నీకి ఆడవాళ్ల లైను గేటు దాటింది. మామూలుగా మా థియేటర్లో ఆడవాళ్ల లైను పొట్టిగా ఉండేది. మగవాళ్లు దాని పక్కన చేరి "అక్కా, జర నాక్కూడ తీస్కో" అని బతిమాలేవాళ్లు. ఆ శనివారం హాస్టల్ పిల్లలు ఖాళీగా ఉన్న మగవాళ్ల లైను దగ్గరికి వెళ్లి "అన్నా, జర మాక్కూడ తీస్కోండి" అని అడగడం చూశాను. ఆదివారం హౌస్‌ఫుల్ బోర్డు తగిలించారు. సోమవారం కూడా తగిలించారు. అత్తమ్మ పిల్లల కోసం కారం తగ్గించి వేరే సమోసాలు చేసింది, అవి ముందు అయిపోయాయి. తాళంచెవులు రాగానే ఐస్‌క్రీం పెట్టె కొంటానని, మొదటి కప్పు నాదేనని చెప్పింది. ఆవిడ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

తాతయ్య కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఓడిపోతున్న మనిషి అంత హాయిగా చాయ్ ఎలా తాగుతున్నాడని మాకెవరికీ అనుమానం రాలేదు. "బాగున్నయ్ బిడ్డా, జర అల్లం ఎక్వెయ్" అని పురమాయించాడు కూడా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

గురువారం మధ్యాహ్నం కుర్రాళ్లు తాళ్లు, నిచ్చెనలు తెచ్చి థియేటర్ ముందు ఫ్లెక్సీ కట్టారు. బాబాయి హీరో, కింది వరసలో బాబాయి. రేపటి నుంచి ఆ సినిమా. అత్తమ్మ పిండి చేతులతోనే మేనేజర్ గదికి పరుగెత్తింది, వెనకాలే నేను.

మేనేజర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గా పెద్ద పిక్చర్ ఎప్పుడో మాట్లాడుకున్నదే కదమ్మా. నడుమ ఒక్క వారం ఖాళీ వస్తే దీన్ని ఏసినం. ఇది ఎంత నడిచినా రేపు ఎత్తేసుడే. మాట్లాడిన రోజు మీ నాయిన ఈడనే కూసున్నడు, ఎరికే ఆయనకు."

బయటికొచ్చేసరికి ఆఖరి రోజు ఆటలకు కూడా ఆడవాళ్లు లైన్లో నిలబడి ఉన్నారు. రేపు తన తల్లిని కూడా తీసుకొస్తానని వాళ్లలో ఒకామె అత్తమ్మతో చెప్పింది. అత్తమ్మ తలాడించి వచ్చేసింది.

తాతయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మ అడిగిందొక్కటే. "నీకు ఎరికుండే పందెం కాసినవా నాయినా?"

"ఎరిక లేకుంటే ఎట్ల కాస్త?" అన్నాడు. "పిక్చర్ నడుస్తదా లేదా అని నువ్వు పరేషాన్ అయినవ్. థియేటర్ ఎవరికి ఇచ్చిన్రో నేను చూస్కున్న. యాపారమంటే గిదే." ఆ తర్వాత నా వైపు తిరిగి, నెత్తి నిమిరి, "నువ్వు గూడ నేర్చుకో బిడ్డా" అన్నాడు. ఆ చెయ్యి ఎంత ఆప్యాయంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ ఆప్యాయతకే ఒళ్లు మండుతుంది.

శుక్రవారం పొద్దున టపాకాయలు కాల్చారు, పాలు పోశారు. బాబాయి కొత్త తాళంచెవులు నడుముకు వేలాడేసుకుని గల్లా దగ్గర కూర్చున్నాడు. అత్తమ్మ లోపల సమోసాలు వేయించింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఫ్లెక్సీలో కూడా ఆయన మొహమే. సోమవారానికి ఆ సినిమా తేలిపోయింది. హాల్లో పట్టుమని పదిమంది లేరు. అయినా దాన్ని ఎత్తేయలేదు. ఖాళీ కుర్చీలకు వారాల తరబడి ఆడించారు, అన్ని వారాలకూ ముందే మాట అయిపోయింది కాబట్టి. ఇంటర్వెల్లో లైట్లు వెలిగేవి, ఎవరూ వచ్చేవారు కాదు. చల్లారిన సమోసాలు ఇంటికి తెచ్చుకుని మేమే తినేవాళ్లం. ఒకరోజు తాతయ్య తింటూ, హీరోయిన్ సినిమా పోయింది కదా, పెద్ద హీరోది పోవడంలో వింతేముంది అన్నాడు.

"అది పోలే నాయినా, ఎత్తేసిన్రు" అంది అత్తమ్మ. ఆయన పళ్లెంలో ఇంకొక సమోసా వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నన్ను పెద్దమ్మ అంటున్నారు. ఆడవాళ్ల సినిమాలు ఆడవని ఎవరైనా తేల్చేస్తే, ఫలానా ఆమెకు అవకాశమిచ్చాం నిలబెట్టుకోలేకపోయిందని ఆఫీసులో ఎవరైనా అంటే, నేను ఒకే ప్రశ్న వేస్తాను. పోయిందా, ఎత్తేశారా? నిరూపించుకో చూద్దాం అని ఎవరైనా ముద్దుగా పందెం కాస్తే, ముందు వాళ్ల మొహం చూస్తాను, హాయిగా చాయ్ తాగుతున్నారేమోనని. అత్తమ్మ ఇప్పటికీ బాబాయి క్యాంటీన్లోనే ఉంది. పిల్లల కోసం వేరే సమోసాలు మాత్రం మళ్లీ చేయలేదు.