ఆగి మాట్లాడే రాధారాణి

అమెరికాలోని షాంటిలీలో రాధారాణి పనిచేసే ఆఫీసు చిన్నది. క్లినిక్కుల తరఫున ఇన్సూరెన్సు కంపెనీలతో వాదించడం వాళ్ల పని. డాక్టరు చూశాడు, బిల్లు పంపారు, ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు. అక్కడి నుంచి ఆమె పని మొదలవుతుంది. కారణం కనుక్కోవాలి, మళ్లీ పరిశీలించమని అప్పీల్ రాయాలి, ఈ బిల్లు నా నెత్తిన ఎందుకు పడిందని మండిపడే పేషెంటుకు ఫోన్‌లో నచ్చజెప్పాలి.

తెనాలిలో పుట్టి, నాగార్జున యూనివర్సిటీలో ఎం.కాం. చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఏళ్లతరబడి ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగమది. ఇష్టంగా చేసింది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది ఆమే. వాళ్లు రాసిన అప్పీళ్లు బయటికి వెళ్లే ముందు ఒకసారి చూసేదీ ఆమే. టీమ్ లీడ్ రిటైరైనప్పుడు ఆ స్థానం రాధారాణిదేనని ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

సరిగ్గా అప్పుడే కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు కొత్త రూలు తెచ్చారు. లీడ్ కావాలంటే అమెరికా డిగ్రీ ఉండాలి, లేదా బిజినెస్ ఇంగ్లిష్ పరీక్షలో వాళ్లు చెప్పిన స్థాయి తెచ్చుకోవాలి.

"నీకిదేం పెద్ద విషయం కాదు, రాధా. ఒక శనివారం వెళ్లి రాసేసి రా," అంది మేనేజర్ లిండా.

రాధారాణి కూడా అలాగే అనుకుని నమూనా ప్రశ్నలు తెచ్చుకుంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూతురు నైనిక ఆమె రాసిన మెయిల్ చదివి మొహం అదోలా పెట్టింది.

"అమ్మా, ఇదేంటి, 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్'? అలా ఎవరూ చెప్పరు."

"ఇన్నేళ్లూ అలాగే రాశాను. పని కాలేదా?"

"పని అవుతుంది. బట్ ఎగ్జామ్‌లో వియర్డ్‌గా ఉంటుంది. 'డిస్కస్ అబౌట్' కూడా రాంగ్. జస్ట్ డిస్కస్."

పదహారేళ్ల పిల్ల చేత తప్పులు దిద్దించుకోవడం కష్టంగానే అనిపించింది. అయినా దిద్దుకుంది.

పరీక్ష హాల్లో అందరికీ హెడ్‌ఫోన్లు పెట్టి వరసగా కూర్చోబెట్టారు. ఒకేసారి అందరూ తమ ముందున్న కంప్యూటర్‌తో మాట్లాడుతున్నారు. ఆమె స్క్రీన్ మీద ప్రశ్న వచ్చింది. సహోద్యోగి డెలివరీ తేదీ మార్చాలంటున్నాడు, మీకు ఇష్టం లేదు, మర్యాదగా చెప్పండి. రాధారాణి ఒక్క క్షణం ఆలోచించింది. మొదటి కారణం చెప్పింది. రెండోది ఎలా చెప్తే అతనికి కష్టం కలగదా అని ఆగింది. టైమైపోయి స్క్రీన్ మారిపోయింది.

ఫలితాల్లో చదవడం, వినడం, రాయడం అన్నీ బాగా వచ్చాయి. మాట్లాడటంలో మాత్రం కావలసిన స్థాయికి ఒక్క మెట్టు తగ్గింది. తరచూ ఆగుతున్నారు, తడబాటు ఉంది అని కింద రాశారు.

అది చదివి ఆమె చాలాసేపు లాప్‌టాప్ మూయలేదు. ఆగడమే కదా ఆమె పని. అవతలివాళ్లు అరవాల్సినంతా అరిచాక, ఒక్క క్షణం ఊరుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. అందుకే పేషెంట్లు చల్లబడతారు. అది తడబాటు ఎలా అయింది?

"మళ్లీ రాద్దువులే రాధా, దానిదేముంది," అన్నాడు భర్త ఫణికుమార్.

"మీకేముంది, రాయాల్సింది మీరు కాదుగా."

రెండోసారి ఎక్కడా ఆగకూడదని నిశ్చయించుకుంది. 'మీరన్నది నాకు అర్థమైంది కానీ' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలు కంఠతా పట్టింది. కిరాణాకి డ్రైవ్ చేస్తూ ఒక్కతే కారులో పైకి అనుకుంది. పరీక్షలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. మళ్లీ అదే మెట్టు దగ్గర ఆగిపోయింది. ఈసారి బట్టీపట్టినట్టుంది, సహజంగా లేదు అన్నారు. మార్కులు మళ్లీ చూడమని అడిగితే, చూశాం, మార్పు లేదని జవాబొచ్చింది. ఎందుకు లేదో రాయలేదు.

సోమవారం నేరుగా లిండా గదికి వెళ్లింది.

"నా ఫోన్ కాల్స్ అన్నీ రికార్డ్ అవుతాయిగా. అవి వినమనండి. నా ఇంగ్లిష్ ఎలా ఉందో తెలుస్తుంది."

"వినక్కర్లేదు, నాకు తెలుసు. కానీ ఇది హెచ్‌ఆర్ రూల్. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ నెలలోనే లీడ్‌గా ఉదయ్‌ని వేశారు. న్యూజెర్సీలో పుట్టి పెరిగి, అక్కడే డిగ్రీ చేసిన తెలుగు కుర్రాడు, మంచివాడు. ఆఫీసులో చేరినప్పుడు అతనికి పని నేర్పింది రాధారాణే. ఒకరోజు బ్రేక్‌రూమ్‌లోకి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"ఆంటీ, ఈ అప్పీల్ ఒకసారి చూస్తారా?"

అలవాటుగా ఆమె చెయ్యి ముందుకు వెళ్లింది. వెనక్కి తీసుకుంది.

"అది లీడ్ చూడాలి, ఉదయ్."

అతని మొహం ఎర్రబడింది. "నేను ఈ జాబ్ అడగలేదు ఆంటీ. వాళ్లే ఇచ్చారు."

"నీ తప్పని నేననలేదు నాన్నా. ఇన్నాళ్లూ ఊరికే చేసిన పని ఇక చేయనంటున్నాను, అంతే."

కొత్తవాళ్లకు నేర్పడం, అప్పీళ్లు చూడటం తన ఉద్యోగంలో లేవని, ఇక చేయనని లిండాకి మెయిల్ పెట్టింది. సాయంత్రం లిండానే ఆమె సీటు దగ్గరికి వచ్చింది. అందరూ కలిసి పనిచేసే చోట ఇలా చేస్తే ఎలా అంది.

రాధారాణి ఆమెను పూర్తిగా మాట్లాడనిచ్చింది. ఎప్పటిలాగే కాస్త ఆగింది.

"లీడ్ పనికి నా ఇంగ్లిష్ చాలదన్నారు. అదే పని ఊరికే చేయడానికి చాలుతుందా?"



పంతం కొద్దీ మూడోసారి పరీక్షకు వెళ్లింది. ఈసారి పాసైంది. ఏం మార్చడం వల్ల పాసైందో ఆమెకు తెలియలేదు. తప్పినప్పటికంటే అదే ఎక్కువ ఒళ్లు మండించింది. సర్టిఫికెట్ పంపితే లిండా అభినందనలు చెప్పి, మళ్లీ ఖాళీ వచ్చినప్పుడు చూద్దామంది. ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పలేనంది.

పక్కనే ఉన్న ఫెయిర్‌ఫాక్స్‌లో ఒక పెద్ద క్లినిక్ బిల్లింగ్ సూపర్‌వైజర్ కోసం చూస్తోందని తెలిసి అప్లై చేసింది. అక్కడ బిల్లింగ్ చూసే పెద్దావిడ ఇంటర్వ్యూలో ఎక్కువ అడగలేదు.

"పేషెంటు ఫోన్‌లో ఆపకుండా తిడుతుంటే ఏం చేస్తారు?"

"అయిపోయేదాకా వింటాను. తర్వాత మాట్లాడతాను."

ఆవిడ తలూపి, ఎప్పుడు చేరగలరని అడిగింది. సర్టిఫికెట్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం కారులో విషయం చెబితే ఫణికుమార్ సంబరపడ్డాడు. "చివరికి బాగానే అయింది కదా. ఇక ఆ గొడవ వదిలెయ్."

"బాగానే అయింది. కానీ ఏడాది పాటు నాకు మాట్లాడటమే రాదేమో అనుకుంటూ బతికానండీ. అప్పుడే వదిలెయ్యమనకండి."

ఆయన సరేనని తలూపాడు. ట్రాఫిక్ మెల్లగా కదులుతోంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.