సాపు చేయించిన రింగుల జుట్టు

పదిహేను వందలన్న పార్లరమ్మను తొమ్మిది వందలకు దింపి, మరదలి పెళ్లికని నా రింగుల జుట్టును సాపు చేయించుకున్న ఘనురాలిని నేను. కిరాణా దుకాణంలో పెరిగినదాన్ని మరి! అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మర్నాడే జనగామ మైదానంలో రింగుల జుట్టు పండుగ. ఏడేళ్ల బిడ్డ పట్టుబట్టడంతో, సాపు సంగతి చెప్పకుండా తల మీద కొంగు కప్పుకుని వెళ్లాను.

"మన యాసను ఎక్కిరించిండ్రు, మన జుట్టును ఎక్కిరించిండ్రు. ఇగ దాసుకునుడు బంద్!" అంది వేదిక మీది అక్క.

మా బిడ్డ నన్ను వేదిక మీదికి లాక్కెళ్లి, మైకందుకుని, "నాది మా అమ్మ జుట్టే, సూడుండ్రి!" అంటూ నా కొంగు లాగింది. మైదానమంతా గొల్లుమంది. బిడ్డ నవ్వలేదు.

"గట్లయితే నా జుట్టు మంచిగ లేదా, అమ్మా?"

మైకులోనే అడిగింది.

మొత్తం ఖర్చు: పార్లర్‌కు తొమ్మిది వందలు, బిడ్డ నాతో మాట్లాడని రోజులు నాలుగు. రెండోదాంట్లో ఒక్క పూట కూడా తగ్గించలేదు.