వానతో సహా బేరం

సగం ధరకు వస్తుందని వానను నెత్తికెత్తుకున్న మొనగాణ్ణి నేను.

ఆదివారం పొద్దున ఆరుగురు మిత్రులం లాల్‌దర్వాజా నుంచి బార్కస్ దాకా సైకిళ్ల మీద వెళ్లాలనుకున్నాం. మే నెలే అయినా రోజూ మబ్బు పడుతోంది. అద్దె సైకిళ్ల దుకాణదారు ఒక్కోదానికి వంద అడిగాడు, వాన పడితే ఏమీ ఇవ్వొద్దన్నాడు. మా నాన్న కొట్టులో బేరాలు వింటూ పెరిగిన నా నోరు ఊరుకుంటుందా?

“వాన ఫికర్ మాది భాయ్. పడ్డా పడకున్నా యాభై ఇస్త.”

“పక్కానా అన్నా? మల్ల లొల్లి చెయ్యొద్దు.”

అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని రెండు రోజులు ఆకాశాన్నే చూశాను. ఆదివారం తెల్లారేసరికి కుండపోత. ఆరుగురం అతని రేకుల కిందే నిలబడ్డాం.

“వానొస్తదని నీకెట్ల తెలిసింది భాయ్?”

“నాకేం తెల్వది అన్నా. ఎట్లైనా మూడొందలు నాయే గదా!”

బేరం నాది కనుక మూడు వందలూ నేనే కట్టాను. నోరు మూసుకుని ఉంటే అయ్యే ఖర్చు సున్నా.