ఏం వదిలారండీ?

ఇరవై ఏళ్ళ వయసులో నాకు ఇల్లంటే గోడలు కాదు, గోడల చుట్టూ వదిలే ఖాళీ. ఆ రోజుల్లో రాజమండ్రిలో ఏ వీధిలో నడిచినా నా కళ్ళు గుమ్మాల మీదా ముగ్గుల మీదా నిలిచేవి కావు. ప్రహరీకీ గోడకీ మధ్యనున్న సందులోకి దూరిపోయేవి. "వీళ్ళు వదల్లేదు, వీళ్ళు సగమే వదిలారు, వీళ్ళు పుణ్యాత్ములు" అని గొణుక్కుంటూ నడిచేదాన్ని. విస్తట్లో అన్నం కూడా అంచుకి ఆనకుండా చుట్టూ ఖాళీ ఉంచి వడ్డించేదాన్నని మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేదని అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదివించింది. పొద్దున స్తోత్రాలు, మధ్యాహ్నం ఎక్కాలు (రెండూ ఒకే రాగంలో). పెద్దయ్యాక, ఇళ్ళ ప్లాన్లు గీసే మా బాబాయి తన ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మున్సిపాలిటీ వారి నిబంధనల పుస్తకం చేతిలో పెట్టాడు. నాకు చదవడమంటే పారాయణే కాబట్టి దాన్నీ అలాగే చదివాను. ఎంత స్థలానికి వీధి వైపు ఎంత వదలాలో, పక్కల ఎంతో, వెనక ఎంతో అన్నీ కంఠతా వచ్చేశాయి. ఆఫీసులో దాన్ని సెట్‌బ్యాక్ అనేవారు. ఇల్లు కట్టుకునేవాళ్ళు మాత్రం 'వదలడం' అనేవారు. బాబాయి నాకు 'సెట్‌బ్యాకమ్మ' అని పేరు పెడితే, అదేదో బిరుదులా మురిసిపోయాను.

నా చేతికి పూర్తిగా వదిలిన మొదటి ప్లాను మా మేనత్తది. అత్తయ్య పెళ్ళయిన నాటినుంచీ అద్దె వాటాల్లోనే ఉంది. ఆవిడ దేవుళ్ళు వంటింటి అలమరలో, మిక్సీకీ పోపుల డబ్బాకీ మధ్య సర్దుకుని ఉండేవారు. "నాకు హాలొద్దు, మేడొద్దు. స్వామిని పోపు ఘాటులోంచి బయటపడేస్తే చాలే అమ్మడూ" అంది. ఈశాన్యంలో చిన్న దేవుడి గది, దానికి తూర్పున ఒక కిటికీ గీసి చూపిస్తే, ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. మావయ్యది ఇత్తడి సామాన్ల కొట్టు. బిందెలమీద బిందెలు పేర్చి, కొనేవాళ్ళు రోడ్డుమీద నిలబడి బేరమాడాల్సినంత నిండుగా ఉంచేవాడు. ఖాళీ అంటే ఆయనకి గిట్టదు.

"స్థలం నాది, పన్ను నాది. మధ్యలో ఈ వదలడం ఏంటమ్మా?"

"గాలి రావాలి కదా మావయ్యా! పక్కింటికీ వెలుతురు వెళ్ళాలి. రేపు ఖర్మ కాలి ఇల్లంటుకుంటే ఫైరింజను వాళ్ళు పైపు లాక్కెళ్ళడానికి సందుండాలి."

"ఏమేవ్, విన్నావా? మీ మేనకోడలు ఇంకా కట్టని ఇంటికి నిప్పంటించేసింది!"

ఎలాగో ఒప్పించాను. చుట్టూ మీటరు, వీధి వైపు మరికాస్త. ప్లాను పాసయింది. పునాదులు లేచాక వాళ్ళిద్దరూ కాశీ వెళ్ళారు. ఆ రోజుల్లోనే నాకు మళ్ళీ ఆయాసం తిరగబెట్టి మంచమెక్కాను. అది తగ్గాక, తనిఖీకి మున్సిపాలిటీ ప్లానింగ్ సారు వస్తున్నారని బాబాయి నన్ను పంపిస్తే, నేను గీసిన మొదటి ఇల్లు కదా అని గుడికెళ్ళినట్టు తలస్నానం చేసి మరీ వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, దేవుడి గది గోడ వెళ్ళి ప్రహరీకి అతుక్కుపోయి ఉంది!

"ఇదేంటి మేస్త్రీ?"

"మావయ్యగారు కాశీ వెళ్తా వెళ్తా జరపమన్నారండి. దేవుడి గది కదండీ, విశాలంగా ఉండాలన్నారు, ఆయ్."

"మరి కిటికీ ఏదీ?"

"అటు ప్రహరీ కదండీ. కిటికీ పెడితే ఎవర్ని చూస్తారండీ స్వామి?"

ఇంతలో సారు బండి ఆగింది. ఆ గోడ అలాగే ఉంటే పని ఆపించేస్తారు. ఇల్లు ఆగితే అత్తయ్య దేవుళ్ళు మళ్ళీ ఆ పోపుల డబ్బా పక్కనే. అత్తయ్యకి మాత్రం ఇవేమీ పట్టలేదు. మావయ్యతో కాశీనుంచి వచ్చి రెండ్రోజులే అయింది, ఇద్దరూ పొద్దున్నే అక్కడికి వచ్చేశారు. గంగ చెంబు, కాశీదారాలు పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ ప్రసాదం పంచుతోంది. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే, కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలి రావాలి కదా, "ఏం వదిలారు వదినా?" అని. చెప్పీ చెప్పీ ఆవిడకి జవాబు నాలుక చివరే ఉంది.

సారు టేపు తీసి, ఈశాన్యం వైపు తొంగిచూసి, అత్తయ్య వైపు తిరిగాడు. "ఏం వదిలారండీ?"

"పనసపొట్టండి!" అంది అత్తయ్య గర్వంగా, ఆయన చేతికి దారం కడుతూ. "మా వారు చేమదుంప వదిలారు."

మేస్త్రి తాపీ కింద పడేశాడు. సారు మాత్రం నవ్వలేదు. దారం కట్టించుకుంటూనే, "తినేవి కాదమ్మా, గోడ అవతల ఎంత వదిలారని" అన్నాడు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "దేవుడి గదండి. ఆయనకి కూడా సెట్‌బ్యాకా సార్?"

"నన్నడుగుతారేంటండీ? ప్లాను గీసిన అమ్మాయి ఇక్కడే ఉందిగా."

అందరూ నా వైపు తిరిగారు. నిబంధన నంబరుతో సహా అప్పజెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ స్వామి నా నోట వేరే మాట పలికించాడు (ఆయన దయ అనే ఇప్పటికీ అనుకుంటాను). "మావయ్యా, మీరు పుట్టి బుద్ధెరిగాక చేమదుంప ముట్టారా?"

"దురద కదే, ఎలా తింటాను?"

"ఇష్టం లేనిది కాశీలో వదిలారు. ఇష్టమైంది ఇక్కడ మీటరు వదలండి. లేకపోతే అత్తయ్య స్వామి పోపు ఘాటులోంచి బయటపడి చీకటి కొట్లో పడతాడు. కిటికీ కూడా లేదు చూడండి."

అత్తయ్య ఆ గుడ్డి గోడ వైపు చూసింది. లోపలికి వెళ్ళి, దాన్ని చేత్తో తడిమి వచ్చింది. "పనసపొట్టు కూరే వదిలేసినదాన్ని, మీటరు వదల్లేనా? కొట్టెయ్ మేస్త్రీ" అంది. అప్పుడు నవ్వాడు సారు. వెళ్ళేటప్పుడు మరో దారం అడిగి పట్టికెళ్ళాడు, వాళ్ళమ్మగారికట.

గది చిన్నదైపోయింది. అత్తయ్య లోపల కూర్చుంటే మావయ్య గుమ్మం బయట నిలబడి గంట వాయించాల్సి వచ్చేది. "కొట్లో కొనేవాళ్ళు రోడ్డుమీద, ఇంట్లో నేను గుమ్మంలో" అనేవాడు. కానీ పొద్దెక్కేసరికి ఆ వదిలిన సందులోంచి, కిటికీలోంచి ఎండ సరాసరి వచ్చి స్వామి పాదాల మీద వాలేది. ఆ సందులో కడియం నర్సరీ నుంచి తెచ్చిన నందివర్ధనం మొక్క వేసింది అత్తయ్య. ఖాళీ గిట్టని మావయ్యే రోజూ దానికి నీళ్ళు పోశాడు. అత్తయ్య పనసపొట్టు కూర మాకు వండిపెడుతూనే ఉండేది. తను మాత్రం రుచి చూడకుండా, మా మొహాలు చూసి ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకునేది.

ఇప్పుడు అత్తయ్య లేదు. మొన్నీమధ్య నేనూ కాశీ వెళ్ళాను. గంగలో నిలబెట్టి పురోహితుడు, "ఏం వదులుతారమ్మా?" అని అడిగాడు. కళ్ళు మూసుకుని, నిండు భక్తితో, "చుట్టూ మీటరండి" అన్నాను. పక్కనే ఉన్న మా వారు నీళ్ళు మింగి దగ్గారు. పురోహితుడు తెల్లబోయాడు. నేను మాత్రం ఆ సందుల్లోకి తొంగిచూస్తూ తిరిగిన ఇరవై ఏళ్ళ పిల్లని, పోన్లే ఇంకా ఉన్నావా అని పలకరించుకుని, మరో మునక వేసి లేచి సరిగ్గా చెప్పాను.

"పనసపొట్టండి."