రాజీకి సూది, నాకు కుట్లు

నా నుదుటికి ఈ కట్టేందని వచ్చినోళ్లంతా అడగతా ఉండారు. చెప్తాను, టీ తాగతా ఇనండప్పా. కానీ నవ్వగూడదు! జబ్బు చేసింది ఒకరికి, ఆస్పత్రిలో మంచాలు పట్టింది ఇద్దరం!

పోయిన వారం మా ఇంటామె రాజీకి జరమొచ్చింది. తలకాయ పగిలిపోతాదని ఒకటే ఏడుపు. వాంతులు. మెడ బిగుసుకుపోయి, గడ్డం ఎదకి ఆనించమంటే వంగడంలే. మా శ్రీకాళహస్తి డాక్టరు చూసి, "ఈడ కాదు, తిరపతికి తీసకపో" అన్నాడు. ఈ టీ అంగడి మూసేసి, టాక్సీ మాట్లాడుకొని పోయినాము.

తిరపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీళ్లుంటాయి. నడుం దగ్గర సూదేసి కొంచెం తీస్తాం. మెదడు పొరలకు వాపొచ్చిందా, వస్తే ఏ రకమో ఆ నీళ్లు చూస్తే తెలుస్తుంది."

రాజీ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. "మీరు పక్కనే ఉండాల."

"నేను యాడికి పోతానుమే!" అన్నాను, పెద్ద ధైర్యవంతుడి మాదిరి.

ఆమెను పక్కకి తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించి పడుకోబెట్టినారు. కదలకుండా భుజాలు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఊరికే ఉండొచ్చు గదా? తొంగి చూసినా! అబ్బా, ఎంత పొడుగు సూది! దాంట్లోనించి బొట్టు బొట్టుగా సీసాలోకి... అంతే. ఆపైన నాకేమీ తెలీదు.

కండ్లు తెరిస్తే మొహమంతా తడి. చొక్కా తడి. నర్సమ్మ నామీదికి వంగి చూస్తా ఉండాది. లబోదిబోమన్నాను. "అయ్యో తల్లీ! దాని మెదడు నీళ్లన్నీ నామీద పోసేసినారే! ఇంక దాని గతేంది!"

"అవి కుండలో నీళ్లయ్యా సామీ!" అని కసిరింది నర్సమ్మ.

పడేటప్పుడు ఇనప స్టూలు తగిలి నుదురు చిట్లిందంట. కుట్లేసి, కట్టు కట్టినారు.

పక్క మంచంలో రాజీ. తల ఎత్తకుండా పడుకోమన్నారంట ఆమెను. అట్లే పడుకొని, చెయ్యి మాత్రం చాపి, "నొప్పిగా ఉండాదా?" అని నన్ను అడగతాది! అప్పుడొచ్చిందప్పా నాకు నిజమైన ఏడుపు.

సాయంత్రం డాక్టరమ్మ నవ్వుతా వచ్చింది. "నీళ్లు తేటగా ఉన్నాయి. చీము పట్టే రకమైతే మబ్బుగా ఉండేవి. ల్యాబులో కూడా చూశారు. ఇది వైరస్ వల్ల వచ్చిన వాపు, విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది. ఈమె గురించి భయం లేదు. ఈయన్ని మాత్రం ఇంకోసారి లోపలికి రానీయకండి!"

నిన్ననే పంపించేసినారు. బస్సెక్కినాము. కండక్టరు రాజీని చూసినాడు, నా కట్టు చూసినాడు. "అమ్మా, పేషెంటును కిటికీ పక్కన కూర్చోబెట్టు, గాలి తగలతాది" అన్నాడు.

రాజీ జరిగి చోటిచ్చింది. నేను పోయి కూర్చున్నాను.