ఆరు మూలల పట్టకం

బడిపిల్లలు లెక్కల పాఠంలో చేత్తో పట్టుకుని చూసే చెక్క ఆకారాలు ఆ షెడ్డులో తయారయ్యేవి. ఘనం, పిరమిడ్, పట్టకం. కోసేది మగవాళ్లు, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసేది ఆడవాళ్లు. చివరికి కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి "సరే" అనాల్సింది మాత్రం అందరూ మూలలక్క అని పిలిచే ఆమె ఒక్కతే. పంతొమ్మిదేళ్లుగా ఆమె పని అదే. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, ఘనానికి ముఖాలు ఆరు, అంచులు పన్నెండు, మూలలు ఎనిమిదని నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

"అక్కా, ఇంట్లో బావ ముక్కు కూడా అరగదీస్తావా ఏంటి?" అనేది పక్క బల్ల పిల్ల.

"దానికి మూలలెక్కడివే, మట్టిముద్దలా ఉంటేను!"

ఆ నవ్వుల మాటున ఒక సంగతి దాచుకుంది. షుగర్ ముదిరి, ఎండాకాలం నుంచి ఆమె వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. నడుము పడిపోయి మంచాన ఉన్న మొగుడికి ఆ చేతులే దిక్కు. అందుకే అలవాటు మీద నెట్టుకొస్తోంది. ప్రతి మూలా తడుముతుంది, తలూపుతుంది, పెట్టెలో వేస్తుంది.

ఒకరోజు ఏదో బడి నుంచి పెట్టె తిరిగొచ్చింది. మూల గుచ్చుకుని ఒక పాప అరచేయి చీరుకుపోయిందట.

మేస్త్రి అందరి ముందూ అందులోంచి ఒక పట్టకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చూసి చెప్పమ్మా."

కళ్లు తెరిచి చూస్తే దొరికిపోతుంది. మూసుకుంది. ముఖాలు ఐదు. అంచులు తొమ్మిది. మూలలు ఒకటి, రెండు, మూడు...

"అక్కా..." అని పక్క బల్ల పిల్ల ఆగిపోయింది.

ఆమె ఆగలేదు. ఆరోది కూడా తడిమి, "అన్నీ నున్నగానే ఉన్నాయన్నా" అంది.

కళ్లు తెరిచింది. తెల్లటి చెక్క మీద ఎర్రటి చార. ఎవరి రక్తమో అనుకుంది ముందు. తర్వాత తన చూపుడువేలు చూసుకుంది.

మేస్త్రి జేబురుమాలు తీసి ఆ వేలికి కట్టాడు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఎండాకాలం నుంచి."

"ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే ఉంచుతారా?"

మేస్త్రి పక్క బల్ల పిల్లను పిలిచి ఆమె చోటులో కూర్చోమన్నాడు. పిల్ల తల దించుకుని వచ్చింది. మూలలక్క లేచి, బల్ల మీది పొట్టు కొంగుతో తుడిచి ఇచ్చింది.

గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"ఆ పాపకి కుట్లు పడ్డాయా అన్నా?"

"నాలుగు."

రాసే చెయ్యేనా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.