ఎడారిలో గంజి వార్చాను

మా ఆయన మలికిపురం దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పారు. కిటికీలోంచి కాలువ కనపడే క్లాసులో కూర్చుని, నీళ్ళు లేకపోవడమంటే ఏమిటో ఎరగని పిల్లలకి, ప్రతి ఏడూ ఎడారుల పాఠం. చెప్పిన మనిషీ ఎడారి చూసింది లేదు. రిటైరైన ఏడాదే డాక్టరుగారు గ్లకోమా అన్నారు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందనీ, ప్రస్తుతానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది మాత్రం కనపడుతుందనీ, అదీ ఎన్నాళ్ళో చెప్పలేమనీ అన్నారు.

"అయితే ఈ ఏడే కలహారి ఎడారి చూసేద్దావండీ," అన్నాను ఇంటికొచ్చాక.

గుంపుతో వెళితే లాభం లేదు. ఆయన వెతుక్కుని చూసేలోపు జీపు కదిలిపోతుంది. మన బండి మనమే నడుపుకోవాలి, టెంటు మనమే వేసుకోవాలి. "బాగానే ఉంది, నడిపేదెవరు?" అన్నారాయన. నేనే అన్నాను. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు, స్టీరింగ్ ముట్టుకుని ఎరగను. కొత్తపేట నుంచి పలివెల దాకా రోజూ పొద్దున్నే నేర్చుకున్నాను. చుట్టాలు నవ్వితే నవ్వారు. నవ్వేవాళ్ళని చూస్తే నాకు పట్టుదల ఇంకాస్త పెరుగుతుంది. సఖినేటిపల్లి రేవులో ఇసుక దాటించి కారుని గోదావరి దాటించే పంటు మీదకి ఎక్కించిన రోజున మా ఆయన, "ఇంక టిక్కెట్లు తీసేసుకోవచ్చు," అన్నారు.

విమానం దిగాక ఎడారి అంచు ఊళ్ళో మాకు పైకప్పు మీద టెంటు ఉన్న పెద్ద బండి అద్దెకిచ్చారు. స్టీరింగ్ మనలాగే కుడివైపు, అదో ధైర్యం. ఇచ్చినాయన నాలుగు క్యాన్ల నీళ్ళు ఎక్కించి, వెళ్ళడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, రోజుకో క్యాను, మధ్యలో చుక్క దొరకదు, తేడా వస్తే వెనక్కి తిరిగి వచ్చేయమన్నాడు. బుద్ధిగా తలూపాను.

ఊపిన తల ఊపినట్టే ఉంది, చేతులు మాత్రం కోనసీమవే. మొదటి మజిలీలో స్టవ్ మీద అన్నం వండి, గిన్నె వంచి గంజి వార్చేశాను. ఇసుక గుటుక్కున తాగేసింది. నిచ్చెనెక్కి టెంటులోకి వెళ్ళేముందు ఇద్దరం మోకాళ్ళ దాకా కాళ్ళు కడుక్కున్నాం. దుమ్ముకాళ్ళతో పక్కెక్కడం మా ఇంటావంటా లేదు. పొద్దున్నే గిన్నెలు రెండు నీళ్ళు తొలిచి, బండి అద్దాలు కడిగి, దుమ్ము లేవకుండా చుట్టూ నాలుగు చెంబులు చల్లాను కూడా. అప్పుడు చూద్దును కదా, మిగిలినవి రెండే క్యాన్లు. మూడు రోజులు గడవాలి.

"వెనక్కి పోదాంలే," అన్నారు మా ఆయన. "ఇక్కడిదాకా వచ్చేం, చాలు."

నా మీద నాకే ఒళ్ళు మండింది. తొమ్మిది నెలలు కారు నేర్చుకున్నది గంజి పారబోసి ఇంటికి పోడానికా? క్యాన్ల ముందు కూర్చుని గ్లాసులతో లెక్కేశాను. తాగడానికి బోలెడున్నాయి. చాలనిది కడుక్కోడానికే.

"పోతే ముందుకే పోతావండీ. కాళ్ళు కడుక్కోడం మన ఊళ్ళోనే," అన్నాను.

ఆ పూట ఎసరు కొలిచి పోసి, గంజి వార్చకుండా అన్నం వండాను. కాస్త ముద్దయింది. ప్రార్థన చేసుకుని తిన్నాం. కంచాలు ఇసుకతో తోమి గుడ్డతో తుడిచేశాను. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి బయల్దేరాం. ఓచోట చక్రాలు కూరుకుపోతే గంటసేపు పారతో తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తవ్వాను.

పొద్దు వాలుతుండగా, జంతువులు చేరే తెల్లటి ఉప్పు బయలుకి చేరాం. ఎడమ పక్కన, పొడుగాటి కొమ్ములతో ఓరిక్స్ జింకలు, మంద.

"అదిగోనండీ!"

ఆయన తల అటూ ఇటూ తిప్పారు. వేలు పెట్టి చూపించాను. దొరకలేదు. కాసేపు వెతికి, "పోన్లే, నువ్వు చూసేవు కదా," అన్నారు.

"నేను చూడ్డానికి రాలేదండీ," అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

బండి స్టార్ట్ చేశాను. అవి బెదరకుండా, పంటు మీద కారు సర్దినట్టు జానెడు ముందుకీ జానెడు వెనక్కీ నడుపుతూ, మంద మొత్తం ముందు అద్దానికి నడిమధ్యన వచ్చేదాకా బండినే తిప్పాను.

"ఆగు! ఆగాగు!" అని నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత స్కూలు పిల్లల్ని పంటు ఎక్కించేటప్పుడు లెక్కపెట్టినట్టు, వేలు ఆడిస్తూ, పైకే లెక్కపెట్టారు. "ఒకటి... రెండు... మూడు..." మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలెట్టారు. నేను తొందరపెట్టలేదు. "పదకొండు! పదకొండేనా?"

ఆ చివర ఇంకో మూడున్నాయి.

"ఆయ్, పదకొండేనండీ," అని హ్యాండ్‌బ్రేక్ వేశాను.